టిక్కెట్టు లేని పిట్ట

మా పిన్ని పెళ్ళి చేసుకునేనాటికి మా ఇంట్లో ఆవిడ పెళ్ళి మాట ఎత్తడం అందరూ మానేశారు. కర్టెన్లు కుట్టే షాపులో పనిచేసేది. ఊళ్ళో సగం కిటికీలకి తన చేతి కుట్టే ఉందని గొప్పగా చెప్పుకునేది. "అందరిళ్ళకీ తెరలు కుడతావు, నీ ఇంటికెప్పుడే కుట్టుకోవడం?" అని మా అమ్మ ఏడిపిస్తే, "ముందు ఇల్లు దొరకనీ అక్కా, తెరదేముంది, గంటలో కుట్టేస్తా" అనేది.

ఇల్లు బస్సులో దొరికింది. పొద్దున్నే షాపుకి వెళ్ళే బస్సులో ఒక కండక్టర్ ఉండేవాడు. పిన్ని ఒళ్ళో బట్టల మూట చూసి, "ఆ మూటకీ ఒక టిక్కెట్టు తీసుకోవాలండీ, మీకంటే బరువుగా ఉంది" అనేవాడు. రోజూ అదే మాట. రోజూ పిన్ని నవ్వేది. ఒకరోజు ఆయన ఏ జోకూ వెయ్యకుండా, తన భార్య పోయి నాలుగేళ్ళయిందనీ, ఒక కూతురుందనీ, ఇష్టమైతే ఇంటికొచ్చి పాపని చూడమనీ చెప్పాడు. పిన్ని దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అలా ఆయన మాకు బాబాయి అయ్యాడు. ఆయన కూతురు నాకంటే రెండేళ్ళు పెద్దది, కాబట్టి అక్క అయింది. నేనూ పిన్నీ అనేదాన్ని, అక్కా పిన్నీ అనేది. ఒక్కోసారి ఇద్దరం ఒకేసారి పిలిస్తే, "ఒక్క పిన్నిని ఎన్ని ముక్కలు చేస్తారే" అని విసుక్కుంటూ మురిసిపోయేది.

బాబాయిది ఆగని నోరు. నిద్రలో కూడా ముందుకి జరగండి, ముందుకి జరగండి అనేవాడట. ఆయన ఈల ఇంకో వింత. వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా, ఊరికే పెదాలు సున్నా చుట్టి ఈల వేస్తే, నిండు బస్సులో వెనక మెట్ల మీంచి డ్రైవర్ దాకా వినపడేది. ఇంట్లో మాత్రం ఈల వెయ్యడు. ఇంట్లో మాటలే. పిన్నిని పేరుపెట్టి పిలవడు, ముద్దుపేరూ లేదు. "ఇదిగో, కాఫీ." "ఇదిగో, నా చొక్కా ఏదీ?" అంతే. "నా పేరు ఇదిగో అయిపోయిందక్కా" అని పిన్ని మా అమ్మతో నవ్వుతూ చెప్పేది. మొదటి భార్యని మాత్రం ఆయన చిట్టి అనేవాడు. ఆవిడ పోయాక కూడా ఎప్పుడైనా పాత సంగతి చెప్తూ, "అప్పుడు మా చిట్టి ఏమందో తెలుసా" అని మొదలుపెట్టి, పిన్ని మొహం చూసి, గబగబా వేరే కథలోకి దూకేవాడు. పిన్ని చేతిలో ఉన్న గుడ్డ అంచు మళ్ళీ ఒకసారి మడిచేది.

అక్క పెద్దదయింది. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి ఊరికి ఆ చివర కాపురం పెట్టింది. ఇక ఇద్దరమే, హాయిగా ఉంటాం అని పిన్ని అనుకుంటున్న రోజుల్లోనే బాబాయికి పక్షవాతం వచ్చింది. డిపోలో బస్సెక్కుతూ, చేతిలో టిక్కెట్ల మిషన్‌తో మెట్టు మీదే కూలిపోయాడు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మూతి ఒక పక్కకి జారింది. మాట పూర్తిగా పడిపోయింది. ఆసుపత్రిలో మంచం చుట్టూ మేం ముగ్గురం నిలబడి ఏం చెప్తాడో అని చూస్తుంటే, ఆయన పెదాలు కూడదీసుకుని, మెడనరాలు ఉబ్బేలా తంటాలుపడి, ఒక్క మాట అన్నాడు.

"చిట్టి."

అక్క భోరుమంది. "నాన్నకి అమ్మ గుర్తుంది పిన్నీ! అన్నీ పోయినా అమ్మ గుర్తుంది!" అని పిన్ని భుజం మీద వాలిపోయింది. పిన్ని ఆ పిల్ల వీపు నిమురుతూ, "అవును తల్లీ, గుర్తుంది" అంది. రెండో చేత్తో బాబాయి గడ్డం మీద కారుతున్న లాలాజలం తుడిచింది.

ఇంటికి తీసుకొచ్చాక తెలిసింది, ఆయన దగ్గర ఆ ఒక్క మాటే మిగిలిందని. నీళ్ళు కావాలన్నా చిట్టి. ఫ్యాన్ ఆపమన్నా చిట్టి. నొప్పి అన్నా, వద్దు అన్నా, ఆకలి అన్నా చిట్టి. అవతలివాళ్ళకి అర్థంకాకపోతే కోపంతో ఎడమచెయ్యి కుర్చీకేసి బాదుతూ చిట్టి, చిట్టి, చిట్టి. రోజుకి ఎన్ని వందలసార్లో. పిన్ని షాపు మానేసింది. ఆయన్ని కడగడం, తినిపించడం, పక్కకి తిప్పడం అన్నీ తనే. చేసినంతసేపూ ఆయన ఇంకో ఆవిడ పేరుతోనే పిలిచేవాడు.

వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి వచ్చి మాటలు నేర్పేది. బొమ్మలు చూపించి, కప్పు, కుర్చీ, తాళం అనిపించడానికి చూసేది. కప్పు చిట్టి, కుర్చీ చిట్టి, తాళం చిట్టి. ఒకరోజు ఆ అమ్మాయిని గుమ్మం దాకా సాగనంపుతూ పిన్ని అడిగింది. "ఆయనకి ఆవిడ మీదే ధ్యాస ఉందంటావా అమ్మా?"

"అదేం కాదండీ. ఇలాంటివాళ్ళకి ఒక్కోసారి ఏదో ఒక మాట మిగిలిపోతుంది. నోరు తెరిస్తే అదే వస్తుంది. అది ఆయన ఎంచుకున్న మాట కాదు. మిగిలిన మాట."

"మిగిలింది అదే ఎందుకు?"

ఆ అమ్మాయి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పిట్ట వచ్చింది ఆ రోజుల్లోనే.

పిన్ని వాళ్ళది మూడో అంతస్తు. బాల్కనీలో నిలబడితే ఎదురింటి మేడ, దాని మీద నీళ్ళ ట్యాంకు, ట్యాంకు పక్కన వంగిపోయిన పాత టీవీ యాంటెన్నా. ఒకరోజు పొద్దున పిన్ని దుప్పట్లు ఆరేస్తోంది. పిచ్చుకల గుంపు కిచకిచమంది. వెంటనే చిలకలు అరిచాయి. ఇవాళేమిటి, ఇన్ని వచ్చాయి అనుకుంటూ క్లిప్పు పెడుతోంది. ఇంతలో గద్ద కేక సన్నగా, పొడుగ్గా వినపడింది. ట్యాంకు మీద పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పిన్ని తలెత్తి చూసింది. ఆకాశంలో గద్ద లేదు. చిలకలూ లేవు, పిచ్చుకలూ లేవు. యాంటెన్నా మీద పిడికెడంత పిట్ట ఒక్కటే ఉంది. బూడిదరంగు ఒళ్ళు, పొడుగు తోక, కంటి దగ్గర నల్ల గీత. ఎవరూ రెండోసారి తిరిగి చూడని రకం. పిన్ని చూస్తుండగానే దాని గొంతు ఉబ్బింది, కాకిపిల్ల ఆకలికి ఏడ్చే ఏడుపు వినపడింది. గొంతు ఇంకోలా కదిలింది, కోయిల కూసింది.

పిన్ని దుప్పటి అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. బాబాయిని కుర్చీతో సహా ఈడ్చుకుంటూ బాల్కనీలోకి తెచ్చింది.

"అదిగో, ఆ దొంగని చూడండి! ఒక్క టిక్కెట్టు కొనకుండా అందరి పాటలూ ఎక్కేస్తోంది. మీ బస్సులో అయితే ఎప్పుడో దింపేసేవాళ్ళు!"

బాబాయి చూశాడు. పిట్ట మళ్ళీ పిచ్చుకయింది, మళ్ళీ గద్దయింది. పావురాలు అప్పుడే వచ్చి వాలినవి మళ్ళీ లేచిపోయాయి. బాబాయి నవ్వాడు. సగం మొహమే నవ్వింది కానీ చప్పుడు మాత్రం పూర్తిది, పాత బస్సు నవ్వు. పిన్ని కుర్చీ పక్కనే నేల మీద కూలబడి తనూ నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే బాల్కనీ. పిట్ట వస్తే ఆయన చెవులు రిక్కించేవాడు. కొన్నాళ్ళకి పెదాలు సున్నా చుట్టడం మొదలుపెట్టాడు. ముందు గాలే వచ్చింది, దానితోపాటు ఉమ్మి. తర్వాత బూర బుడగలోంచి గాలి పోతున్నట్టు ఒక చప్పుడు. తర్వాత ఒకనాడు ఈల. సన్నటిదే, వంకరదే, కానీ ఈల. మాటలు నేర్పే అమ్మాయి విని ఎగిరి గంతేసింది. మాటలూ, పాటా తలలో ఒకేచోట ఉండవనీ, ఒకటి పాడైనా ఇంకోటి మిగలొచ్చనీ చెప్పింది. ఈలతో మొదలుపెట్టి మాటలు లాగుదామని ఎంతో కష్టపడింది. మాటలు రాలేదు. ఈల మాత్రం రోజురోజుకీ బాగుపడింది.

ఆయన ఈల వేస్తే పిట్ట తల పక్కకి వాల్చి వినేది. విని, తన పాట తను పాడుకునేది. ఆయన ఈలని మాత్రం ఒక్కసారీ తిరిగి అనలేదు. "దానికి పిట్టల పాటలే కావాలి. మనుషులవి పనికిరావు కాబోలు" అని పిన్ని మూతి విరిచేది.

ఒకరోజు వాన పడుతోంది. పిట్ట రాలేదు. పిన్ని వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. హాల్లోంచి ఈల వినిపించింది. ఒకటి పైకి సాగి, రెండోది చటుక్కున తెగిపోయే ఈల. పిట్ట లేదు కదా, ఎవరికి వేస్తున్నాడు అనుకుంటూ తొంగిచూసింది. బాబాయి వంటింటి గుమ్మం వైపే చూస్తున్నాడు. పిన్ని కనపడగానే ఈల ఆపేశాడు. మొహం విచ్చుకుంది.

పిన్ని వెనక్కి వచ్చి తలుపుచాటున నిలబడింది. మళ్ళీ అదే ఈల. తల బయట పెట్టింది. ఆగింది. ఇంకోసారి దాక్కుంది. చిన్నపిల్లలాగా దాక్కుని, కత్తిపీట మీద సగం తరిగిన కూర అలాగే ఉండగా, ఆ ఈల కోసం ఎదురుచూసింది.

మళ్ళీ వచ్చింది.

తర్వాత చూస్తే అక్క వచ్చినప్పుడు చిట్టే. నేను వెళ్ళినా చిట్టే. నీళ్ళకీ, నొప్పికీ, కోపానికీ చిట్టే. పిన్నిని పిలవడానికి మాత్రం ఆ ఈల. మెట్ల మీద పిన్ని చెప్పుల చప్పుడు వినపడితే చాలు, తలుపు ఇంకా తెరవకముందే ఈల. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి మా పిన్నికి మొగుడి నోట ఒక పేరు దొరికింది.

ఇదంతా అప్పట్లో మాకెవరికీ తెలియదు. పిన్ని చెప్పలేదు. ఒకసారి నేనున్నప్పుడు ఆయన ఆ ఈల వేస్తే, "ఎవరికి పిన్నీ?" అని అడిగాను. "ఇంకెవరికి, ఆ టిక్కెట్టు లేని పిట్టకి" అంది. మొహం ఎర్రబడింది. పొయ్యి వేడికి అనుకున్నాను. అక్కా అడిగింది. అక్కకీ అదే చెప్పింది. "పిట్టతో కబుర్లు తల్లీ. అది ఉన్నా లేకపోయినా వేస్తూనే ఉంటారు, పట్టించుకోకు."

పట్టించుకోకు అన్న ఆ మాట పిన్ని తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని ఉంటుందో.

ఒకనాడు షాపాయన ఫోన్ చేశాడు. ఒక స్కూలు హాలుకి స్టేజీ తెర కుడుతున్నారు. బరువైన గుడ్డ, పై కుచ్చిళ్ళు ఎవరికీ సమంగా రావడం లేదు. రెండుసార్లు విప్పి కుట్టారు. "ఒక్క పూట రామ్మా, నీ చెయ్యి పడితే గానీ ఇది లేవదు" అని బతిమాలాడు. పిన్ని కాదంది. అక్కే బలవంతపెట్టింది. "నేను సెలవు పెట్టుకుని వస్తాలే పిన్నీ. నువ్వు ఆ నాలుగు గోడల్లోంచి బయటపడి ఎన్నాళ్ళయింది? మా నాన్నని నేను చూసుకోలేనా?"

పిన్ని వెళ్తూ వెళ్తూ అన్నీ చెప్పింది. ఏ మాత్ర ఎప్పుడో, నీళ్ళు చెంచాతోనే ఎందుకో, దిండు ఎటువైపు పెట్టాలో. "ఏం కావాలన్నా చిట్టి అంటారు, మొహం చూసి కనిపెట్టు" అని చెప్పింది. ఈల సంగతి నాలుక చివరిదాకా వచ్చిందట. మింగేసింది.

షాపులో అందరూ చుట్టూ మూగారు. పొడుగు బల్ల మీద ఆ ఎర్రటి గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీసి, కుచ్చిళ్ళు ఒక్కొక్కటే బిగించి కుట్టుకుంటూ పోయింది. చాలారోజుల తర్వాత తన పని తను చేసుకుంటే ఒళ్ళు తేలికపడింది. కిలకిలా నవ్విందట కూడా. సాయంత్రం బస్సు దిగి, కూరలు కొనుక్కుని, మెట్లెక్కింది.

ఈల రాలేదు.

తలుపు తీస్తే బాబాయి కుర్చీలో వాలి ఉన్నాడు, మీద దుప్పటి. అక్క నోటి మీద వేలు పెట్టుకుని, "లేపకు పిన్నీ, హాయిగా పడుకున్నాడు" అంది గుసగుసగా. "మధ్యాహ్నమంతా ఎంత హుషారుగా ఉన్నాడో తెలుసా! ఒకటే ఈలలు. నేను ఫోన్‌లో కూడా తీశాను. అలిసిపోయి ఇప్పుడే కునుకు తీశాడు."

పిన్ని చేతిలో సంచి జారిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే మూతి ఈసారి రెండోవైపుకి కూడా జారి ఉంది. ఊపిరి ఆడుతోంది. ఎంత పిలిచినా కన్ను తెరవలేదు.

ఆసుపత్రిలో డాక్టర్, "ఎప్పటినుంచి ఇలా ఉన్నారు?" అని అడిగాడు.

"ఇప్పుడేనండీ" అంది అక్క. "మధ్యాహ్నం బాగానే ఉన్నాడు. పిట్టతో ఆడుకుంటున్నాడు. ఈలలు వేస్తూనే ఉన్నాడు."

పిన్ని గోడకి ఆనుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున బాబాయి పోయాడు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ అక్క ఆ మధ్యాహ్నం గురించే చెప్పేది. "నరకయాతన పడకుండా పోయాడండీ. చివరిదాకా సంతోషంగానే ఉన్నాడు. పిట్టతో ఈలలు వేసుకుంటూ వేసుకుంటూ నిద్రలోకి జారిపోయాడు. కదా పిన్నీ?" అని పిన్ని వైపు చూసేది. "అవునమ్మా" అనేది పిన్ని. ఎంతమంది వస్తే అన్నిసార్లు. ఆ కథ పట్టుకునే అక్క నిలబడింది. అది చూస్తూ చూస్తూ ఎవరు లాగేస్తారు?

నాకు మాత్రం ఒకరోజు చెప్పింది. మళ్ళీ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఇంటికి తెచ్చుకున్న లైనింగ్ గుడ్డ కత్తిరిస్తూ, మామూలు సంగతి చెప్తున్నట్టు మొదలుపెట్టింది. వానరోజు సంగతి, తలుపుచాటు సంగతి, పట్టించుకోకు అన్న సంగతి. "ఆయన మధ్యాహ్నమంతా నన్ను పిలిచారే" అంది. "ఒంట్లో ఏదో అవుతోందని తెలిసింది. చిట్టి అంటే ఎవరొస్తారో ఆయనకి తెలియదు, ఈల వేస్తే నేనొస్తానని తెలుసు. వేశారు, వేశారు. నేనక్కడ కుచ్చిళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాను."

"అక్కకి చెప్పకు పిన్నీ" అన్నాను.

"ఎలా చెప్తానే" అంది. కత్తెర గీత తప్పి, గుడ్డ వంకరగా తెగింది.

పిట్ట మాత్రం మానలేదు. పొద్దున్నే యాంటెన్నా మీద అందరి పాటలూ పాడేది. "ఎప్పుడో ఒకరోజు అది మీ ఆయన ఈల కూడా వేస్తుంది చూడండి" అని కింద వాటాలో ఆవిడ ధైర్యం చెప్పింది. పిన్ని ఏ పని చేస్తున్నా ఆపి వినేది. వేస్తే బాగుండని ఒకరోజు, వెయ్యకూడదని ఒకరోజు. ఊరి పిట్టలన్నిటి గొంతులూ పలికింది గానీ అదొక్కటీ పలకలేదు. ఆ తర్వాత ఎదురింటివాళ్ళు యాంటెన్నా పీకేశారు. అది ఇంకెక్కడికో వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం నేనూ, అక్కా పిన్ని ఇంట్లో ఉన్నాం. పిన్ని వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. అక్క ఫోన్ తీసి, "ఇన్నాళ్ళూ చూడటానికి ధైర్యం చాల్లేదే. ఇవాళ చూద్దామా?" అంది. నేను వద్దనేలోపే నొక్కేసింది.

బాల్కనీలో బాబాయి. మొహం తెల్లగా, చెమటలు పట్టి. ఈల. ఒకటి పైకి సాగి, రెండోది చటుక్కున తెగిపోయింది. మళ్ళీ. మళ్ళీ.

"ఆఁ, వస్తున్నా!" అంది పిన్ని వంటింట్లోంచి.

గిన్నె పడిన చప్పుడు. "వచ్చేశా, ఒక్క నిమిషం" అంటూ నురగ చేతులతో గబగబా హాల్లోకి వచ్చి, ఖాళీ కుర్చీ దగ్గర ఆగింది. అప్పుడు మమ్మల్ని చూసింది. అక్క చేతిలో ఫోన్ చూసింది.

ఫోన్‌లో ఈల సాగుతూనే ఉంది. ఆయన పిట్ట వైపు చూడటం లేదు. యాంటెన్నా ఖాళీగా ఉంది. మెడ తిప్పి, లోపలికి, వీధి తలుపు వైపు చూస్తున్నాడు. ఈల సన్నబడింది, గాలే మిగిలింది. ఇక లాభం లేదనుకున్నాడో ఏమో, "చిట్టి" అన్నాడు. వెనక నుంచి అక్క గొంతు నవ్వుతూ వినిపించింది. "చిట్టి కాదు నాన్నా, పిట్ట! పిట్ట!"

అక్కడితో అయిపోయింది.

అక్క దాన్ని మళ్ళీ పెట్టింది. ఈసారి ఫోన్ చూడలేదు, పిన్ని మొహం చూసింది. మొదటి ఈలకే పిన్ని ఒళ్ళు జలదరించడం చూసింది.

"నాన్న పిలుస్తోంది నిన్నా పిన్నీ?"

"కాదమ్మా. పిట్టనే."

"పిట్ట లేదు కదా అక్కడ."

పిన్ని చేతుల మీంచి నురగ నేల మీద పడుతోంది. అక్క చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.

తర్వాత అక్క రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళాయన ఎత్తి, పడుకుందనో, పనిలో ఉందనో చెప్పేవాడు. పిన్ని కొన్ని నెలలు ఓపికపట్టి, ఒకరోజు నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది.

అక్కే తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. లోపలికి రమ్మంది, నీళ్ళిచ్చింది, ఎదురుగా కూర్చుంది. ల్యాబులో సూదులు గుచ్చీ గుచ్చీ అలవాటైన నిదానమైన గొంతుతో అడిగింది.

"పిట్ట కోసమని నువ్వే చెప్పావు కదా పిన్నీ?"

"చెప్పాను."

"పట్టించుకోకన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

పిన్ని అబద్ధం ఆడుతుందనుకున్నాను. ఆడలేదు.

"మీ అమ్మకి పేరుంది, ఫోటో ఉంది, నువ్వున్నావు. ఆయన నోట్లో మిగిలిన ఒక్క మాటా ఆవిడదే అయింది. నాకు ఆ ఈల ఒక్కటే దొరికింది తల్లీ. అది నాదీ అనుకున్నాను. ఎవరికైనా చెప్తే పోతుందేమోనని దాచుకున్నాను."

"నేను తీసేసుకుంటాననుకున్నావా?"

"అనుకున్నాను" అంది పిన్ని. "నీకు తెలిస్తే నువ్వు మళ్ళీ మీ అమ్మదే అంటావనుకున్నాను."

అక్క కిటికీ వైపు చూసింది. ఆ కిటికీకి ఉన్న కర్టెన్లు కూడా పిన్ని కుట్టినవే, అక్క కాపురానికి వచ్చేటప్పుడు.

"నేను వెంటనే తీసుకెళ్తే బతికేవాడేమో."

"బతికేవారేమో."

"రోజూ ఈ చేతులతో రోగుల్ని చూస్తాను. నా ఎదురుగానే మొహం అలా అయిపోతుంటే నవ్వుతూ ఫోన్‌లో తీశాను."

"అది నీ తప్పు కాదు తల్లీ. నాది."

"నీదని తెలిస్తే నాది కాకుండా పోతుందా?"

పిన్ని లేచి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. అక్క ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. చిన్నప్పుడు జడ వేయించుకునేటప్పుడు కూర్చున్నట్టే కదలకుండా కూర్చుంది. కాసేపటికి పిన్నే చెయ్యి తీసేసింది. మేం బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది.

"చీకటి పడకముందే వెళ్ళండి. ఇంటికెళ్ళాక ఫోన్ చెయ్యండి" అంది.

నన్నూ కలుపుకుని అంటోందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ మాట పిన్నికే అని. పదేళ్ళ వయసు నుంచీ నువ్వు అని పిలిచిన పిల్ల, ఆ రోజు నుంచి పిన్నిని మీరు అంటోంది. ఆదివారాలు మళ్ళీ వస్తోంది. పళ్ళు తెస్తుంది, బీపీ చూస్తుంది, రక్తం తీసుకెళ్ళి పరీక్ష చేసి చెప్తుంది. "మాత్రలు వేసుకుంటున్నారా? భోంచేశారా? మెట్లు ఎక్కువ ఎక్కకండి." ఏ లోటూ లేకుండా చూసుకుంటుంది. పిన్ని అన్నిటికీ తలూపుతుంది.

"వస్తోంది కదా, అంతే చాలు" అంటుంది నాతో. అక్క వెళ్ళిపోయాక మాత్రం చాలాసేపు ఆ గుమ్మం దగ్గరే, తలుపు వెయ్యకుండా నిలబడుతుంది.